లగ్గం ఖర్చు: లదేణి కాలం నుంచి డీజే కాలం దాకా



ఈ ప్రత్యేక సంచికకు మన చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగారు. చరిత్ర అనగానే మనకు సేవాలాల్ మహారాజ్, లదేణి, ఎడ్ల మందలు గుర్తుకొస్తాయి. వాటి గురించి రాసేవాళ్లు ఈ సంచికలో చాలామంది ఉంటారు. నేను మన ఇళ్లల్లో జరిగే లగ్గం గురించి రాస్తాను. రాజులకు, యుద్ధాలకు చరిత్ర ఉన్నట్టే పెళ్లి ఖర్చుకు కూడా చరిత్ర ఉంది. ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఆ పైసలు ఎక్కడినుంచి తెచ్చారు అని అడుగుతూ పోతే మన జాతి నడిచిన తోవ అంతా కనబడుతుంది.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం మీరే. ఇది చదివేవాళ్లలో చాలామందికి వచ్చే ఐదారేళ్లలో పెళ్లిళ్లు అవుతాయి. కొల్లాపూర్ చుట్టుపక్కల తండాల్లో ఏ ఇంట్లో కూర్చున్నా ఒక మాట వినబడుతుంది. "కట్నం మన తాతల కాలం నుంచి ఉన్నదే, మనమేం చేస్తాం?" అంటారు. ఈ మాట నిజమేనా? చరిత్ర చూస్తే నిజం కాదని తెలుస్తుంది.

లదేణి కాలంలో ఆడపిల్ల విలువ

మన లంబాడాల పూర్వీకులు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ ఊళ్లు తిరిగిన వర్తకులు. మొఘలు సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాటికి తిండి గింజలు చేరవేసింది బంజారాలే. ఆసఫ్ ఖాన్ సైన్యం వెంట వచ్చిన భంగి, జంగి నాయకుల గురించి మన పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. తీరం నుంచి ఉప్పు లోపలికి, లోపలి నుంచి ధాన్యం తీరానికి. ఈ రాకపోకలన్నీ ఎడ్ల వీపు మీదే సాగాయి. ఆ వర్తకానికే మనవాళ్లు లదేణి అని పేరు పెట్టుకున్నారు.

ఆ బతుకులో ఆడమనిషి పని ఎంతో ఆలోచించండి. మజిలీ చేరగానే నీళ్లు తేవాలి, వంట చేయాలి. పశువులను చూసుకోవాలి. గోనెలు కుట్టాలి, పేటియా, కాంచళి అద్దాలతో కుట్టుకోవాలి. తెల్లవారితే మళ్లీ ఎడ్ల మీద బరువులు ఎత్తించి నడవాలి. ఒక ఇంటి నుంచి ఆడపిల్ల వెళ్లిపోతే ఆ ఇంటికి ఒక పనిమనిషి బలం తగ్గినట్టే. అందుకే పిల్లను తీసుకుపోయే ఇంటివాళ్లు పిల్ల తండ్రికి ఎడ్లు, కొంత నగదు ఇచ్చేవారు. తెలుగులో దీన్ని ఓలి అంటారు. 1909లో థర్‌స్టన్ మద్రాసు వైపు కులాలు, తెగల మీద వెలువరించిన సంపుటాల్లోను, 1920లో సిరాజ్ ఉల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద వెలువరించిన పుస్తకంలోను లంబాడాల పెళ్లిలో పిల్ల వైపు వాళ్లకు సొమ్ము ముట్టేదని రాసి ఉంది. కట్నం మన ఆచారం అనేవాళ్లకు ఈ రెండు పుస్తకాలే జవాబు చెబుతాయి.

అప్పటి పెళ్లిలో ఆర్భాటం లేదని కాదు. పెళ్లి కొన్ని రోజులు సాగేది. పెళ్లికొడుకు పిల్ల తండాలోనే కొన్నాళ్లు ఉండేవాడు. రాథోడ్, పమ్మార్, చౌహాన్, వడిత్య అని గోత్రం చూసి, నాయక్, కారభారి ముందు మాట ఖాయం చేసుకుని, బెల్లం పంచుకుని తినేవారు. గోళ్ తిన్నాక మాట తప్పడానికి వీల్లేదు. పిల్ల పుట్టింటిని విడిచేటప్పుడు ఒక్కొక్కరిని కావలించుకుని పాడే ఢావలో వింటే రాయి కూడా కరుగుతుంది. అయితే ఈ సంబరంలో ఖర్చు పెట్టేది ఎక్కువగా తండాలో పండినదే, తండాలో కుట్టినదే. పాట కొనుక్కోలేదు, అలంకారం అద్దెకు తేలేదు. పెళ్లి పేరున పైసలు తండా దాటిపోయేవి తక్కువ.

ఓలి అంతా మంచిదేనని నేను అనడం లేదు. పిల్ల ఇష్టం అడిగేవారు తక్కువ. చిన్న వయసులోనే లగ్గాలు అయ్యేవి. ఇచ్చిన ఎడ్ల లెక్క చూపించి పిల్లను వస్తువులాగా మాట్లాడిన పంచాయతీలు ఉన్నాయి. ఇతర కులాల్లో ఓలి ఎంత ఘోరంగా మారిందో 1897లో అచ్చైన గురజాడ 'కన్యాశుల్కం' చదివినవారికి తెలుసు. కాబట్టి పాతదంతా తిరిగి తెచ్చుకోవాలని నా మాట కాదు. ఆడపిల్ల బరువు అనే ఆలోచన మన పాత బతుకులో లేదని మాత్రం గుర్తు పెట్టుకుందాం.

రైలు వచ్చింది, ఎద్దు ఆగింది

1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు మార్గం పడింది. తర్వాత రోడ్లు పెరిగాయి. వంద ఎడ్లు మోసే ధాన్యాన్ని ఒక డబ్బా మోసుకుపోతుంటే లదేణి ఎన్నాళ్లు నిలబడుతుంది? వర్తకం పోయింది. మనవాళ్లు అడవి అంచుల్లో తండాలు వేసుకుని పశువులు మేపుకున్నారు, కట్టెలు అమ్ముకున్నారు, బంజరు కొట్టి చేను చేసుకున్నారు, దొరల పొలాల్లో కూలి చేశారు. తిరిగే జాతి అని అనుమానంతో నేరస్తుల తెగల చట్టం కింద హాజరు వేయించుకున్న రోజులు కూడా చూశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఈ కథంతా తెలుసుకోవాలంటే భంగ్యా భూక్యా గారు నిజాంల పాలనలో లంబాడాల గురించి రాసిన పుస్తకం చదవండి. డిగ్రీ చదివే పిల్లలు తప్పకుండా చదవాలి.

ఇంత మారినా ఓలి వెంటనే పోలేదు. ఎందుకంటే చేనులో, కూలిలో ఆడమనిషి రెక్కల కష్టం అలాగే ఉంది. మీ ఇంట్లో డెబ్బై ఏళ్లు దాటిన దాది ఉంటే ఒకసారి అడగండి. "నీ లగ్గానికి ఎవరు ఎవరికి ఇచ్చారు?" అని అడిగి రాసుకోండి. చాలా ఇళ్లల్లో దాదికి ఓలి వచ్చి ఉంటుంది, ఆమె కోడలికి కట్నం పెట్టి ఉంటారు. ఒకే ఇంట్లో ఒక్క తరంలో తిరగబడిన ఆచారాన్ని తాతముత్తాతలదని ఎలా అంటాం?

కట్నం ఎలా వచ్చింది

ఆంధ్ర ప్రాంతంలో లంబాడాలు అంతకుముందే షెడ్యూల్డు తెగ. తెలంగాణలో మనకు ఆ గుర్తింపు 1976 సవరణ చట్టంతో వచ్చింది. అది 1977 జూలైలో అమలైంది. ఆ తర్వాత హాస్టళ్లు వచ్చాయి, సీట్లు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. నేను టీచర్ ట్రైనింగ్ చేసి ఈ ఉద్యోగంలో ఉన్నానంటే ఆ గుర్తింపు వల్లే. దాని మేలు లెక్కపెట్టలేనిది.

కానీ ఆ మేలుతో పాటే ఒక కొత్త లెక్క కూడా మొదలైంది. తండాకు ఒకరో ఇద్దరో పిల్లగాళ్లకు నౌకరీ దొరికింది. ఆడపిల్లల చదువు ఇంకా ముందుకు రాలేదు. నౌకరీ ఉన్న పిల్లగాళ్లు తక్కువ, అలాంటి సంబంధం కోరే ఇళ్లు ఎక్కువ. బజారులో సరుకు తక్కువై కొనేవాళ్లు ఎక్కువైతే ధర పెరుగుతుంది. పెళ్లికొడుకు విషయంలో అదే జరిగింది. పక్క ఊళ్లల్లో భూములున్న కులాలు కట్నాలు ఇచ్చి పుచ్చుకోవడం మనవాళ్లు చూశారు. కట్నం ఇస్తే గౌరవం, పుచ్చుకుంటే పరువు అనుకున్నారు. మొదట నౌకరీవాళ్లకే అన్నది, తర్వాత బోరు బావి ఉన్నవాళ్లకు, ఆ తర్వాత ఆటో నడిపే పిల్లగాడికి కూడా పాకింది. ఓలిలో ఎడ్లు పిల్ల ఇంటికి వచ్చాయి. కట్నంలో తులాల బంగారం, బండి, నగదు పిల్ల ఇంటి నుంచి పోతున్నాయి. తోవ అదే, నడక తిరగబడింది.

అప్పు ఎక్కడిదాకా తీసుకుపోయింది

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పెళ్లి అప్పు ఒక్క ఇంటి కష్టంగా ఆగలేదు. నిజాం కాలంలో దొర దగ్గర అప్పు తీసుకుని దానికి బదులు జీతం ఉండే పద్ధతిని భగేలా అనేవారు. కొడుకు పెళ్లికో బిడ్డ పెళ్లికో తీసుకున్న కొద్ది సొమ్ముకు ఏళ్లకేళ్లు గొడ్డు చాకిరీ చేసిన కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వమే నిబంధన తేవలసి వచ్చింది. 1976లో దేశమంతటికీ వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. వెట్టి అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఆ చట్టం అప్పుతో పాటు ఆచారం వల్ల, సామాజిక బాధ్యత వల్ల కట్టుబడి చేసే చాకిరీని కూడా ఆ లెక్కలోనే చేర్చింది. అంటే మనిషి ఎందుకు బానిస అవుతాడో చట్టం రాసినవాళ్లకు తెలుసు.

తర్వాత పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా వినబడింది. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎక్కడ పని ఉంటే అక్కడికి మేస్త్రీల వెంట మనవాళ్లు పోయారు. మేస్త్రీ ముందు అడ్వాన్సు ఇస్తాడు, తర్వాత నెలల తరబడి పని చేయించుకుంటాడు. ఆ అడ్వాన్సుతో గడిచినవాటిలో పెళ్లిళ్లు కూడా ఉన్నాయి.

ఇంకో విషయం రాయడానికి చెయ్యి వణుకుతుంది, అయినా రాయాలి. 1999 నుంచి 2001 మధ్య నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు తండాల నుంచి ఆడశిశువులను దత్తత పేరుతో అమ్మిన వార్తలు దేశమంతా మోగాయి. దానికి పేదరికం, కరువు, దళారులు అని చాలా కారణాలు ఉన్నాయి. ఆ కారణాలతో పాటు ఆ తల్లుల నోట వచ్చిన మాట కట్నం. ఆడపిల్లకు ఎడ్లు ఇచ్చి తీసుకుపోయిన జాతిలో ఆడపిల్ల పుడితే భయపడే రోజు వచ్చింది. పెళ్లి ఖర్చు గురించి మాట్లాడటం పిసినారితనం అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తు చేసుకుంటే చాలు.

నల్లమల అన్నదమ్ముల దగ్గర

మనకు పక్కనే నల్లమల ఉంది. అక్కడి చెంచు పెంటల్లో పెళ్లి ఎలా ఉంటుందో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్ 1940లో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చు వేశాడు. చెంచులు ఒకే ఇంటిపేరువాళ్లను చేసుకోరు. పిల్ల, పిల్లగాడు ఒకరినొకరు ఇష్టపడటానికి అక్కడ చోటు ఎక్కువ. పెద్దల ఒప్పుదల, పిల్లకు కొత్త చీర, రవిక, అందరూ కలిసి తినే ఒక పూట భోజనం. సంప్రదాయంగా చెంచు పెళ్లి అంటే ఇంతే. పెళ్లి కోసం భూమి అమ్ముకోవడం, ఏళ్లకేళ్లు అప్పు కట్టడం ఆ పద్ధతిలో లేవు.

చెంచులు పేదవాళ్లు కాబట్టి అలా చేసుకున్నారు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాచి పెట్టుకునే అలవాటు లేని, పంచుకుని తినే సమాజానికి తగిన పెళ్లి అది. బయటి గాలి ఇప్పుడు పెంటలకు కూడా చేరుతోంది. వాళ్లు మన నుంచి డీజే నేర్చుకునే లోపల మనం వాళ్ల నుంచి చిన్న పెళ్లి నేర్చుకుంటే బాగుంటుంది.

చట్టం ఏమంటుంది

1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అది గిరిజనులకు కూడా వర్తిస్తుంది. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం, అడగడం కూడా నేరమే. 1980ల సవరణల తర్వాత ఇచ్చినా, పుచ్చుకున్నా కనీసం 5 ఏళ్ల జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంత జరిమానా. అడగకుండా ఇష్టంతో ఇచ్చే కానుకలకు అడ్డు లేదు, కానీ వాటి జాబితా రాసి పెట్టాలి.

పెళ్లి వయసు పిల్లకు 18, పిల్లగాడికి 21. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు. మన పెళ్లిళ్లకు మన ఆచారమే ఆధారం. అలాంటప్పుడు పెళ్లి జరిగిందని కాగితం ఉండటం ఆడపిల్లకు పెద్ద అండ. 2002 చట్టం ప్రకారం ప్రతి పెళ్లినీ నమోదు చేయించాలి. ఎలా చేయించాలో మీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు సొంత పంచాయతీలు అయ్యాయి కదా, దూరం పోవలసిన పని కూడా లేదు. డీజేకు పోసే పైసల్లో చిన్న వంతు కూడా దీనికి కాదు.

2014 అక్టోబరు 2న కల్యాణలక్ష్మి పథకం మొదలైంది. మొదట దళిత, గిరిజన ఆడపిల్లల పెళ్లికి 51,000 రూపాయలు ఇచ్చారు. 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెంచారు. పిల్లకు 18 నిండాలి అనే షరతు వల్ల కొన్ని బాల్య వివాహాలైనా ఆగాయని నా నమ్మకం. అయితే చాలా ఇళ్లల్లో ఏం జరుగుతోంది? ఆ లక్ష వస్తుంది కదా అని పెళ్లికొడుకు వైపువాళ్లు ముందే లెక్కలో వేసుకుంటారు. చెక్కు పెళ్లి అయ్యాక ఎప్పుడో వస్తుంది, అప్పు మాత్రం పెళ్లికి ముందే చేస్తారు. ఆసరాగా వచ్చినది కట్నంలో కలిసిపోతే ఎవరికి లాభం?

ఇప్పటి లగ్గం, ఇప్పటి లెక్క

ఇప్పుడు మన దగ్గర పెళ్లి ఖర్చు ఎక్కడ పెరుగుతోందో చూడండి. సోమశిలలో కృష్ణ ఒడ్డున ఫోటోలు, వీడియోలు. ఫంక్షన్ హాల్. రెండు వైపులా దావత్. ఫ్లెక్సీలు. బారాత్‌కు డీజే. చుట్టాలందరికీ చీరలు, పెట్టుపోతలు. ఇందులో మన పూర్వీకుల లగ్గంలో ఉన్నవి ఎన్ని? దావత్, పెట్టుపోతలు తప్ప దాదాపు ఏవీ లేవు. మన సొంతవైన నగారా, పాట, ఢావలో, అద్దాల పేటియా మాత్రం మెల్లగా తగ్గిపోతున్నాయి. పైసలు పోయినా పర్వాలేదు అనుకుందామంటే వాటితో పాటు మన ఆచారం కూడా పోతోంది.

హాస్టల్లో పిల్లలకు వడ్డీ లెక్కలు చెప్పేటప్పుడు నేను పుస్తకంలో లెక్క ఇవ్వను, పెళ్లి అప్పు లెక్క ఇస్తాను. మీరూ చేయండి. 3 లక్షలు నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు వడ్డీ 9,000. ఏడాదికి 1,08,000. మూడేళ్లలో కట్టిన వడ్డీ 3,24,000. అసలు 3 లక్షలు అలాగే ఉంటుంది. నూటికి 2 రూపాయలైనా నెలకు 6,000, ఏడాదికి 72,000. ఒక పూట బారాత్‌కు ఇన్నేళ్ల కూలి. ఈ లెక్క చేసిన పదో తరగతి పిల్లలు కాసేపు మాట్లాడరు. వాళ్లలో కొందరి ఇళ్లల్లో అక్క పెళ్లి అప్పు ఇంకా తీరలేదు.

చరిత్ర చదివితే ఏదైనా పనికి రావాలి కదా. మన పాత పద్ధతుల నుంచే కొన్ని తీసుకుని ఇప్పటికి తగ్గట్టు ఇలా చేసుకోవచ్చు.

మొదటిది, గోళ్ తినే రోజే అన్నీ మాట్లాడుకోవాలి. వెనుక నాయక్ ముందు మాట ఖాయం చేసినట్టే ఇప్పుడు రెండు వైపుల పెద్దలు కూర్చుని ఎంతమంది భోజనం, ఎవరు ఏ ఖర్చు పెట్టుకోవాలి అన్నది కాగితం మీద రాసుకోవాలి. కట్నం లేదు అన్న మాట అదే రోజు అందరి ముందు అనాలి. పెళ్లిలో తగువులు, మనసు కష్టాలు చాలావరకు ముందు మాట్లాడుకోని విషయాల మీదే వస్తాయి.

రెండవది, ముందు చేతిలో ఎంత ఉందో చూసుకుని ఆ తర్వాత పెళ్లి ఎంత పెద్దదో తేల్చుకోవాలి. మనం తలకిందులుగా చేస్తున్నాం. హాల్ మాట్లాడి తర్వాత పైసలు వెతుకుతున్నాం. మామిడి తోటలో, పత్తిలో, కూలిలో మిగిలింది ఎంత, సంఘంలో పొదుపు ఎంత అని చూసి అందులోనే పెళ్లి చేయాలి. తప్పదనుకుంటే మహిళా సంఘం అప్పు రూపాయి వడ్డీ దరిదాపుల్లో దొరుకుతుంది. షావుకారు దగ్గరికి మాత్రం పోవద్దు.

మూడవది, తండా చెయ్యి వేయాలి. వెనుక పెళ్లి అంటే ఒక ఇంటి పని కాదు. ఒకరు కట్టెలు, ఒకరు జొన్నలు, ఒకరు పాలు తెచ్చేవారు. ఇప్పుడు మీ యువజనులు పందిరి, వడ్డన, నీళ్లు, చుట్టాల రాకపోకలు తలా ఒకటి పంచుకుంటే పెళ్లి ఇంటి తల్లిదండ్రులకు సగం బరువు దిగుతుంది. తండాకు సరిపడా వంట గిన్నెలు, షామియానా ఉమ్మడిగా కొనుక్కుంటే ప్రతి పెళ్లికి అద్దె మిగులుతుంది.

నాల్గవది, రెండు దావత్‌లు ఒకటి చేయాలి. పెళ్లి భోజనమే రెండు వైపులకూ సరిపోతుంది. సింగోటం లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గరో, సొంత వాకిట్లోనో చేసుకున్న పెళ్లికి పుణ్యం తక్కువ కాదు.

ఐదవది, డీజేకు బదులు మన నగారా. ఢావలో, పెళ్లి పాటలు తెలిసిన అవ్వలు తండాకు ఇద్దరు ముగ్గురే మిగిలారు. ఆడపిల్లలు వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోండి, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి.

మగపిల్లలకు విడిగా ఒక మాట. ఈ విషయంలో ఆడపిల్ల తల్లిదండ్రులు ఎంత గట్టిగా ఉన్నా సగమే అవుతుంది. మిగతా సగం మీ నోట్లో ఉంది. "నాకు కట్నం వద్దు" అని మీ అమ్మానాన్నలతో మీరే అనాలి, అదీ సంబంధం చూడకముందే అనాలి. వెనుక మన పిల్లగాళ్లు ఎడ్లు ఇచ్చి పిల్లను తెచ్చుకున్నారు. మిమ్మల్ని ఎడ్లు ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. ఏమీ అడగకుండా ఉండమనే అడుగుతున్నాం.

ఆడపిల్లలకూ ఒక మాట. మీ చదువు ఆగకపోతే పెళ్లికొడుకు ధర దానంతట అదే దిగుతుంది. నౌకరీ మగపిల్లలకే ఉన్న రోజుల్లో కట్నం పుట్టింది. అది పోవాలంటే రెండు వైపులా సంపాదన ఉండాలి. 18 నిండకుండా సంబంధం తెస్తే మీ హాస్టల్ మేడంకో, టీచరుకో చెప్పండి. బాలల సహాయానికి 1098 నంబరు ఉంది.

ఈ సంచిక చదివాక ఒక పని చేయండి. మీ ఇంట్లో దాది, నాని, అమ్మ, అక్క, ఈ నలుగురి లగ్గం లెక్కలు ఒక కాగితం మీద వరసగా రాయండి. ఎవరు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, అప్పు ఎన్నేళ్లకు తీరింది అని అడిగి రాయండి. ఆ కాగితాలు మన సంఘానికి ఇస్తే వచ్చే సంచికలో కొల్లాపూర్ తండాల పెళ్లి చరిత్ర మనమే రాసుకోవచ్చు. ఐదో వరస ఖాళీగా వదలండి. అది మీది.